కాలదోషం పట్టిన బాకీ

ప్రామిసరీ నోటు భాష మన ఊళ్లలో చాలామందికి దాదాపు కంఠతా వచ్చు. "నా కుటుంబ ఖర్చుల నిమిత్తం ఈ దినమున మీ వద్ద నేను రొక్కముగా తీసుకున్న అప్పు రూ. 50,000లు. ఈ పైకమునకు నెల ఒక్కింటికి నూటికి రెండు రూపాయల చొప్పున వడ్డీ కలిపి, మీరు కోరినప్పుడు మీకు గానీ, మీ అనుమతి పొందినవారికి గానీ చెల్లించి ఈ నోటు రద్దు చేయించుకోగలవాడను." కింద రెవెన్యూ స్టాంపు. దాని మీద సగం, కాగితం మీద సగం పడేలా సంతకం. పక్కన ఇద్దరు సాక్షులు, రాసినవాడి దస్తూరి. స్టేషనరీ షాపులో అచ్చు ఫారం దొరుకుతుంది, ఖాళీలు నింపుకుంటే సరిపోతుంది.

ఆ కాగితంలో ఎక్కడా కనిపించని గడువు ఒకటుంది. అది మూడేళ్లు. "కోరినప్పుడు ఇస్తాను" అన్న నోటు మీద, రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలని 1963 నాటి కాలపరిమితి చట్టం చెబుతోంది. ఆఖరి రోజు ఆదివారమైతే సోమవారం వేసుకోవచ్చు, అంతవరకే వెసులుబాటు. ఆ తర్వాత వేసిన దావాను కోర్టు కొట్టేస్తుంది. అప్పుడు నోటుకు కాలదోషం పట్టిందంటారు. పల్లెల్లో ఇంకా సూటిగా "నోటు మురిగిపోయింది" అంటారు.

నీతికీ చట్టానికీ సంబంధం ఏమిటనే చర్చ వచ్చినప్పుడల్లా మరణశిక్ష, గర్భస్రావం, స్వలింగ సంబంధాలు లాంటి పెద్ద విషయాలే ముందుకొస్తాయి. వాటి మీద ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్పి ఇంటికెళ్లిపోవచ్చు. ఎక్కువమందికి జీవితంలో అలాంటి నిర్ణయం తీసుకోవాల్సిన అవసరమే రాదు. అప్పు అలా కాదు. తీసుకున్నవాడికీ ఇచ్చినవాడికీ అది ఎదురుగా కూర్చునే ఉంటుంది. చట్టం ఏమంటోంది, మనసు ఏమంటోంది అనే తేడా రూపాయల్లో లెక్కకొస్తుంది. మురిగిపోయిన నోటు ఆ తేడాను చూడటానికి మంచి చోటు.

ఒక మేనమామ, మేనల్లుడు ఉన్నారనుకుందాం. కూతురి కాలేజీ ఫీజుకని మేనల్లుడు యాభై వేలు తీసుకుని నోటు రాసిచ్చాడు. మొదటి ఏడాది పంట పోయింది. రెండో ఏడాది తల్లికి ఆపరేషన్. మూడో ఏడాది మేనమామే నోరు మెదపలేదు. అప్పటికే కష్టాల్లో ఉన్న పిల్లాణ్ని ఏమడుగుతాంలే అనుకున్నాడు. మూడేళ్లు దగ్గరపడుతుంటే ఎవరో చెవిలో వేశారు, నోటు తిరగరాయించుకోమని. మొహమాటపడుతూనే వెళ్లాడు. "ఏరా, ఆ కాగితం ఒకటి మార్చి రాసిస్తే..." అని మొదలుపెట్టాడు. మేనల్లుడి ముఖం మాడిపోయింది. "నా మీద నమ్మకం లేదా మావయ్యా" అన్నాడు. మేనమామ కాఫీ తాగి వచ్చేశాడు. నెల తర్వాత నోటు మురిగిపోయింది.

ఇక్కడ తప్పు చేసినవాడు ఎవరూ లేరు. అయినా ఈ వ్యవహారంలో నష్టపోయింది జాలి చూపించినవాడు. మొదటి ఏడాదే ప్లీడరు నోటీసు పంపించినవాడికి డబ్బు వచ్చి ఉండేది. "అడగందే అమ్మయినా పెట్టదు" అనే సామెతను కోర్టులు మన పెద్దలకంటే గట్టిగా పాటిస్తాయి. తన హక్కు గురించి తానే నిద్రపోయినవాడిని లేపి కూర్చోబెట్టడం కోర్టు పని కాదన్నది పాత న్యాయసూత్రం. నిద్రకూ ఓపికకూ తేడా ఉందని ఆ సూత్రానికి తెలియదు. తెలుసుకోదలుచుకోలేదు కూడా.

దీన్ని గుడ్డితనం అని తేల్చేయడం సులభమే, కానీ మూడేళ్ల గడువుకు గట్టి కారణాలున్నాయి. పదిహేనేళ్ల తర్వాత ఒకడు నోటు పట్టుకుని కోర్టుకొస్తే, సాక్షుల్లో ఒకరు పోయి ఉంటారు, ఇంకొకరికి గుర్తుండదు. బాకీ ఎప్పుడో తీర్చేసి, నోటు వెనక్కి తీసుకోవడం మర్చిపోయినవాడు ఏం చూపించి గెలవాలి? మనవాళ్లలో ఈ మతిమరుపు తక్కువేం కాదు. "నోటు ఇంట్లో ఎక్కడో ఉంది, దొరికాక చింపేస్తాలే" అన్న మాట నమ్మి వచ్చినవాళ్లు ఎంతమందో. గడువు లేకపోతే ప్రతి పాత పెట్టెలోంచీ ఒక దావా లేస్తుంది. అంటే చట్టం మేనల్లుణ్ని నీతిమంతుడని తేల్చలేదు, మేనమామను వెర్రివాడనీ అనలేదు. ఇంత కాలం తర్వాత నిజమేదో నమ్మకంగా చెప్పలేనని చేతులెత్తేసింది, అంతే.

ఆ చేతులెత్తేయడం కూడా పూర్తిగా కాదు. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, కాలదోషం పట్టినా అప్పు చచ్చిపోదు. కోర్టుకెళ్లే దారి మాత్రమే మూసుకుపోతుంది, బాకీ బాకీగానే ఉంటుందని సుప్రీంకోర్టు 1957లో బాంబే డయింగ్ కేసులోనే చెప్పింది. స్థలం, పొలం విషయంలో అలా కాదు. గడువు దాటితే హక్కే పోతుంది. అప్పు మాత్రం బతికే ఉంటుంది.

ఆ బతికి ఉన్న అప్పు చేసే పనులు చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మేనల్లుడు మేనమామ దగ్గర రెండు విడతలుగా అప్పు చేశాడనుకోండి, మొదటిది మురిగిపోయింది, రెండోది ఇంకా గడువులో ఉంది. "ఇదుగో ఇరవై వేలు" అని చేతిలో పెట్టి, దేనికి జమ వేసుకోవాలో చెప్పకుండా వెళ్లిపోయాడు. అప్పుడు మేనమామ ఆ డబ్బును మురిగిపోయిన అప్పుకే చెల్లు వేసుకోవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 60వ సెక్షన్ ఆ వీలు ఇచ్చింది. తాకట్టు పెట్టిన గొలుసునూ కాలదోషం పేరు చెప్పి విడిపించుకోలేరు. ఇక మేనల్లుడికే మనసొచ్చి, "పాత బాకీ ఇస్తాను" అని కాగితం మీద రాసి సంతకం పెడితే, అదే చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఆ మాట కొత్త ఒప్పందం అవుతుంది. మామూలుగా ఏ ఒప్పందానికైనా ప్రతిఫలం ఉండాలి, ఊరికే ఇచ్చిన మాటను కోర్టు పట్టించుకోదు. ఇక్కడ మాత్రం పట్టించుకుంటుంది. పాత బాకీ మనసును తొలుస్తూ ఉండటమే చాలినంత కారణమని చట్టం ఒప్పుకున్నట్టు ఉంటుంది ఆ సెక్షన్. కాకపోతే రాతలో ఉండాలి. పెళ్లిలో పదిమంది ముందు "ఇచ్చేస్తా మావయ్యా, నీ డబ్బు ఎక్కడికీ పోదు" అన్న మాటకు కోర్టులో విలువ లేదు.

గడువు లోపల అయితే పని ఇంకా తేలిక. నోటు వెనక వెయ్యి రూపాయలు చెల్లు రాసి, అప్పు తీసుకున్నవాడు తేదీ వేసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. వడ్డీ వ్యాపారులకు ఇది తెలుసు. అందుకే మూడో ఏడాది చివర్లో వాళ్లు అసలు అడగరు, "ఎంతో కొంత చెల్లు వేయించు" అని అడుగుతారు. బంధువులకూ స్నేహితులకూ ఇది తెలియదు, తెలిసినా అడగలేరు. చట్టం ఇచ్చిన ఈ తాళంచెవి అవసరమున్నవాళ్ల కంటే అలవాటున్నవాళ్లకే ఎక్కువ పనికొస్తోంది.

కోవిడ్ రోజుల్లో ఒక మినహాయింపు వచ్చింది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ రెండేళ్లలో మురిగిపోవాల్సిన నోట్లు ఎన్నో బతికిపోయాయి. లాక్‌డౌన్‌లో అప్పు అడగడానికి మనసొప్పక ఊరుకున్నవాళ్లకు ఒక్కసారి చట్టం కూడా తోడొచ్చింది.

అప్పు తీసుకున్నవాడి వైపు నుంచి చూస్తే ఇంకో చిక్కు ఉంది. మేనల్లుడు నిజాయితీపరుడే, కోర్టులో కాలదోషం వాదన ఎత్తను అనుకున్నాడు. అయినా లాభం లేదు. ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా, గడువు దాటిందని కనిపిస్తే జడ్జి తానే దావా కొట్టేయాలని కాలపరిమితి చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. మౌనంగా ఉండి మంచితనం చూపించే అవకాశం కోర్టు గదిలో లేదు. చూపించదలిస్తే ముందే బయట చూపించాలి, డబ్బు ఇచ్చో, కాగితం రాసో.

ప్రభుత్వ సంస్థల విషయానికొస్తే సుప్రీంకోర్టే కాస్త కటువుగా మాట్లాడింది. 1979లో మద్రాస్ పోర్ట్ ట్రస్ట్ కేసులో, పౌరుడికి న్యాయంగా రావాల్సినదాన్ని ఎగ్గొట్టడానికి ఒక ప్రభుత్వ సంస్థ గడువు దాటిందని వాదించడం విచారకరమంది. నీతి, న్యాయం రెండింటి దృష్టిలోనూ అలా చేయకూడదన్న ధోరణిలో చెప్పింది. ఆ వాదన ఎత్తడానికి చట్టం ఒప్పుకుంటుందని చెప్పే కోర్టే, ఎత్తినవాడి వైపు చిన్నచూపు చూసింది. చట్టప్రకారం సరైన పని, అయినా చేయదగని పని. రెండూ ఒకే తీర్పులో పక్కపక్కన కూర్చున్నాయి.

నోటు మొదటి వాక్యంలో ఉన్న "కుటుంబ ఖర్చుల నిమిత్తం" అనే మాటకు మళ్లీ వద్దాం. అప్పు తీసుకునేవాడు దేనికి తీసుకుంటే ఎవరికేం? కానీ ఆ మాట అక్కడికి ఊరికే రాలేదు. ఉమ్మడి కుటుంబంలో తండ్రి చేసిన అప్పుకు కొడుకుల వాటా కూడా బాధ్యత వహించాలా లేదా అన్నది, ఆ అప్పు దేనికోసం చేశాడన్నదాని మీద ఆధారపడేది. ఇంటి అవసరానికే తీసుకున్నానని నోట్లో ఉంటే ఇచ్చినవాడికి ధైర్యం.

తండ్రి బాకీ తీర్చడం కొడుకు ధర్మమన్నది మన ధర్మశాస్త్రాల మాట. తీర్చకపోతే తండ్రికి ఉత్తమగతులు ఉండవని నమ్మకం. దానికి మినహాయింపులూ వాళ్లే పెట్టారు. తాగుడుకు, వ్యభిచారానికి, జూదానికి చేసిన అప్పు, కట్టకుండా వదిలేసిన జరిమానా, సుంకం, ఊరికే మాట ఇచ్చిన దానాలు కొడుకు తీర్చనక్కర్లేదని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. ఇదంతా పరలోక వ్యవహారం. బ్రిటిష్ కాలంలో కోర్టులు దీన్ని పట్టుకుని ఇహలోక ఆస్తి చట్టంగా మార్చేశాయి. 1874లో అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన గిర్ధారీలాల్ కేసు తీర్పుతో ఆ దారి స్థిరపడింది. తండ్రి అప్పు అనైతికమైనదని కొడుకు రుజువు చేయగలిగితే తప్ప ఉమ్మడి ఆస్తిలో కొడుకు వాటా కూడా వేలానికి పోవచ్చు.

దాని ఫలితం ఊహించుకోవచ్చు. పొలం దక్కించుకోవాలంటే కొడుకు కోర్టు బోను ఎక్కి, మా నాన్న తాగుబోతు, మా నాన్నకు ఫలానా ఊళ్లో ఫలానా ఆవిడతో సంబంధం ఉండేది, ఈ అప్పు ఆ ఇంటికే పోయింది అని చెప్పాలి. ఊరికే తండ్రి చెడ్డవాడని చెబితే సరిపోదు, ఈ అప్పుకూ ఆ చెడుకూ లంకె చూపించాలి. తండ్రి మంచివాడని తేలితే భూమి పోతుంది, చెడ్డవాడని తేలితే మిగులుతుంది. తండ్రి ఆత్మశాంతి కోసం పుట్టిన ధర్మం, తండ్రి పరువును కోర్టు రికార్డుల్లోకి ఎక్కించింది. వ్యక్తి మనసులో ఉండాల్సిన బాధ్యతను తీసుకెళ్లి చట్టంలో పెట్టడం వల్ల వచ్చే ప్రమాదం చెప్పమంటే, ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఆ అధ్యాయం 2005లో ముగిసింది. హిందూ వారసత్వ చట్టానికి ఆ ఏడాది చేసిన సవరణ అనగానే అందరికీ ఆడపిల్లల ఆస్తిహక్కు గుర్తొస్తుంది. అదే సవరణలో, 2005 సెప్టెంబర్ 9 తర్వాత చేసిన అప్పుల విషయంలో, తండ్రి, తాత, ముత్తాత బాకీని కేవలం ధర్మం పేరుతో వారసుడి నుంచి వసూలు చేయడానికి కోర్టు ఒప్పుకోకూడదనే నిబంధన కూడా ఉంది. ఇప్పుడు తండ్రి ఆస్తి ఎంత చేతికొస్తే అంతవరకే ఆయన బాకీకి వారసులు బాధ్యులు. ఏమీ రాకపోతే ఏమీ లేదు. అయినా దశదినకర్మ రోజున భోజనాలయ్యాక పెద్దకొడుకు లేచి, "మా నాన్న ఎవరికైనా ఇవ్వాల్సి ఉంటే చెప్పండి" అని అడగడం కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. ఇప్పుడు ఆ అడగడానికి పూర్వం లేని బరువు వచ్చింది. అడగకపోయినా ఎవరూ ఏమీ చేయలేరు కాబట్టి.

చట్టం నీతిని కొలవబోయి చేతులు కాల్చుకున్న సంగతి న్యాయమూర్తులకు తెలియకపోలేదు. దీన్ని బాగా పట్టుకున్నది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి. 1959లో ఆయన రాసిన ఘేరూలాల్ పరఖ్ తీర్పు పందేల గురించి. రెండు కుటుంబాలవాళ్లు కలిసి హాపూర్ వ్యాపారులతో ధరల హెచ్చుతగ్గుల మీద పందేలు కాశారు. నష్టం వచ్చింది. ఒక భాగస్వామి మొత్తం కట్టేసి, నీ సగం నువ్వు ఇవ్వు అని రెండోవాణ్ని అడిగాడు. పందెం ఒప్పందం చెల్లదు కదా, పైగా అది అనైతికం, కాబట్టి దాని కోసం పెట్టుకున్న మన భాగస్వామ్యమూ చెల్లదు అన్నాడు రెండోవాడు. లాభం వచ్చి ఉంటే ఈ నీతి గుర్తొచ్చేదా అని అడగాలనిపిస్తుంది.

సుబ్బారావు ఆ వాదన ఒప్పుకోలేదు. పందెం సొమ్ము కోసం దావా వేయడానికి వీల్లేదు, అది కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్. అంతమాత్రాన పందెం చట్టం నిషేధించిన పని అయిపోదు, కాబట్టి భాగస్వామి తన వాటా ఇవ్వాల్సిందే అన్నారు. అనైతికం అనే మాట చాలా విశాలమైనదనీ, కాలాన్నిబట్టి, చోటునుబట్టి, సమాజం ఉన్న దశనుబట్టి దాని అర్థం మారిపోతుందనీ, అలా నీళ్లలా పారే భావం మీద చట్టం కడితే ఆ చట్టం తన పని తానే చెడగొట్టుకుంటుందనీ వివరించారు. న్యాయమూర్తి తన సొంత నీతిని తీర్పులోకి దింపడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతాడో చెప్పలేం అన్న భయం ఆ తీర్పులో కనిపిస్తుంది. ఆ భయం మంచిదే.

పందేల మాట వచ్చింది కాబట్టి, సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరుల దగ్గర జరిగేది చూడాలి. కోడిపందేలు నిషిద్ధం. జంతుహింస నిరోధక చట్టం ఒకవైపు, 1974 నాటి గేమింగ్ చట్టం ఇంకోవైపు. పందెం సొమ్ము రాకపోతే ఏ కోర్టుకూ వెళ్లలేరు. అయినా బరి చుట్టూ జరిగే పైపందేల్లో నోటు ఉండదు, సంతకం ఉండదు, చాలాసార్లు ఎదుటివాడి పేరు కూడా తెలియదు. గుంపులో ఒకడు చేయి పైకెత్తి అంకె అంటాడు, అవతల ఇంకొకడు తలూపుతాడు. కోడి పడిపోగానే ఓడినవాడు తానే నడిచొచ్చి డబ్బు చేతిలో పెట్టిపోతాడు. మాట తప్పినవాణ్ని మళ్లీ ఏ బరి దగ్గరా నిలబడనివ్వరు. అదే మనిషి ఊళ్లో ఎరువుల కొట్టు బాకీ రెండేళ్లుగా ఇవ్వకుండా తిరుగుతూ ఉండొచ్చు. ఎరువుల బాకీకి చట్టం అండ ఉంది కాబట్టి ఆలస్యం చేయొచ్చనీ, పందెం బాకీకి ఏ అండా లేదు కాబట్టి అక్కడికక్కడే ఇచ్చేయాలనీ అతని లెక్క. తిరకాసుగా ఉంది కానీ, ఈ లెక్క చాలామందిది. కోర్టు వెనకాల ఉందంటే మన మాటకు మనం కాపలా కాయడం కొంచెం తగ్గిస్తాం.

దివాలా సంగతి వేరు. "ఐపీ పెట్టాడు" అంటే తెలుగులో దాదాపు తిట్టు. మాట పుట్టింది ఇన్సాల్వెన్సీ పిటిషన్ నుంచి. 1920 నాటి చట్టం కింద అప్పులు తీర్చలేనివాడు కోర్టుకెళ్లి, ఉన్నది అప్పజెప్పి, అప్పులవాళ్ల బాధ నుంచి రక్షణ కోరవచ్చు. ఐదు వందల రూపాయల అప్పున్నా చాలు, ఆ అంకె వందేళ్లుగా అలాగే ఉంది. చట్టం దృష్టిలో ఇది గౌరవంగా బయటపడే దారి. ఊరి దృష్టిలో మాత్రం మోసం. ఊరిదే తప్పని కూడా అనలేం. ఐపీ పెట్టేముందు ఇల్లు భార్య పేరు మీదికి, పొలం బావమరిది పేరు మీదికి మారడం చూసినవాళ్లు చాలామంది. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో చేసిన అలాంటి బదిలీలను రద్దు చేయించే వీలు చట్టంలో ఉంది. అందుకే తెలివైనవాడు మూడేళ్ల ముందే మొదలుపెడతాడు.

నిజంగా చితికిపోయినవాడు మాత్రం ఐపీ పెట్టడు, సిగ్గు అడ్డొస్తుంది. ఆ సిగ్గు అతన్ని ఎంత దూరం తోస్తుందో పత్తి రైతుల ఇళ్లలో, కౌలు రైతుల ఇళ్లలో చూశాం. అప్పు కట్టలేకపోవడం వేరు, కట్టకపోవడం వేరు. ఈ తేడాను ఊరు చూడనప్పుడు ఒక్కోసారి కోర్టు చూసింది. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, దరిద్రనారాయణుడి దేశంలో పేదరికం నేరం కాదన్నారు. కోర్టు కట్టమని డిక్రీ ఇచ్చిన బాకీ కట్టనివాణ్ని సివిల్ జైలుకు పంపాలంటే, చేతిలో ఉండి కూడా దురుద్దేశంతో ఎగ్గొట్టాడని తేలాలన్నారు. ఆ జైలు ఏర్పాటులో ఒక విచిత్రం కూడా ఉంది. బాకీదారుడి తిండికి బత్తా అప్పు ఇచ్చినవాడే కట్టాలి. కట్టడం ఆపేస్తే వదిలేస్తారు. జైల్లో గడిపినంత మాత్రాన బాకీ తీరదు కూడా.

పరువును వసూలు పనిముట్టుగా మార్చినప్పుడు ఏమవుతుందో 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూసింది. సూక్ష్మరుణ సంస్థల పద్ధతి పూర్తిగా ఇరుగుపొరుగు నీతి మీద నిలబడింది. ఐదుగురు ఆడవాళ్లు ఒక గ్రూపు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. తాకట్టు లేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడమే తాకట్టు. కొంతకాలం అద్భుతంగా నడిచింది. తర్వాత వారం కిస్తీ రోజున కట్టలేనామె గుమ్మం ముందు మిగతా నలుగురినీ కూర్చోబెట్టడం మొదలైంది. ఆమె వంటపాత్రలు బయట పెట్టించడం, పిల్లల ముందు తిట్టించడం వచ్చాయి. తీసుకున్న అప్పు కట్టాలనే మాటలో తప్పు లేదు. ఆ మాటను పట్టుకుని ఒక మనిషిని వీధిలో నిలబెట్టడం మొదలుపెట్టాక అందులో నీతి ఎంత మిగిలింది? ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటికెళ్లి వసూలు చేయకూడదు, నెల కిస్తీలు గ్రామపంచాయతీ దగ్గర తీసుకోవాలి, వడ్డీ అసలును మించకూడదు. మరుసటి ఏడాదికి అది చట్టమైంది. వసూళ్లు కుప్పకూలాయి. కట్టగలిగినవాళ్లు కూడా ఆపేశారు.

వడ్డీ అసలును మించకూడదన్నది కొత్త ఆలోచనేం కాదు. 1938లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన మద్రాసు రైతు రుణ ఉపశమన చట్టం సర్కారు జిల్లాలకూ సీమకూ వర్తించింది. 1932 అక్టోబర్‌కు ముందు చేసిన అప్పుల్లో, అసలుకు రెండింతలు ఇప్పటికే కట్టేసిన రైతు బాకీ పూర్తిగా తీరినట్టే అని అది ప్రకటించింది. షావుకార్లు దోపిడీ అన్నారు, రైతులు ధర్మం అన్నారు. కాగితం మీద సంతకం పెట్టి ఒప్పుకున్న మాటనే చట్టం పక్కకు నెట్టిన సందర్భం అది. చాలామంది రైతులు అప్పుడూ మిగతా బాకీ గుట్టుగా కడుతూ వచ్చారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు, మళ్లీ విత్తనాలకు వెళ్లాల్సింది ఆ షావుకారు దగ్గరికే. 2008 రుణమాఫీలో ఇదే తలకిందులైంది. గడువుకు కట్టినవాళ్లకు ఏమీ రాలేదు, బాకీ పడ్డవాళ్లకు పోయింది. "కట్టి వెర్రివాళ్లమయ్యాం" అన్న మాట ఆ ఏడాది బ్యాంకు వరండాల్లో బాగా వినిపించింది.

ఇక లోన్ యాప్‌లు. 2020 చివర్లో తెలంగాణ పోలీసులు అరెస్టులు మొదలుపెట్టేసరికి, ఆ యాప్‌లు అప్పు తీసుకున్నవాడి ఫోన్లోని నంబర్లన్నింటికీ "వీడు దొంగ" అని ఫోటోతో మెసేజ్‌లు పంపడం మామూలైపోయింది. గుమ్మం ముందు నలుగురు కూర్చునే పాత పద్ధతే, ఇప్పుడు నాలుగు వందలమంది. ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని, బాకీదారుణ్ని పదిమందిలో అవమానించకూడదని మరోసారి చెప్పాల్సి వచ్చింది. అప్పు ఇచ్చినవాడికి తెలియాల్సిన మర్యాదను గంటలు కట్టి రాయాల్సిన స్థితి.

"మీ ఇంట్లో ఎద్దై పుట్టయినా ఈ బాకీ తీర్చుకుంటాను" అనేవాళ్లు పూర్వం. ఆ లెక్కలో గడువు ఒక జన్మకు కూడా ముగియదు. మూడేళ్ల లెక్క, మరుజన్మ లెక్క, రెండూ ఇప్పటికీ ఒకే ఇంట్లో నడుస్తున్నాయి. ప్లీడరు ఆఫీసులో కూర్చుంటే అర్థమవుతుంది. తండ్రి పోయాక పిల్లలు ఆయన ట్రంకుపెట్టెలోని నోట్లు మూటగట్టి తెస్తారు. రావాల్సినవి కొన్ని, ఇవ్వాల్సినవాటి వివరాలు డైరీలో కొన్ని. ప్లీడరు ముందు చూసేది తేదీ. రావాల్సినవి గడువు దాటాయంటే, "ఏదో ఒక దారి చూడండి సార్" అంటారు. ఇవ్వాల్సినవి దాటాయంటే, "అయితే ఇక కట్టక్కర్లేదు కదా" అంటారు. రెండు ప్రశ్నలూ ఒకే మనిషి అడుగుతాడు, ఒకే కుర్చీలో కూర్చుని, ఐదు నిమిషాల తేడాతో. రెండింటికీ చట్టం ఒకే జవాబు ఇస్తుంది.

ఎప్పుడో ఒకసారి ఒకడు మూడో ప్రశ్న అడుగుతాడు. "గడువు దాటినా కట్టేస్తే ఏమైనా ఇబ్బందా అండీ?" ఏ ఇబ్బందీ లేదు. రసీదు మాత్రం తీసుకోవాలి, ఐదు వేలు దాటితే దాని మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి.